గాలి జాగర్త

ఆ ఎండాకాలం మా ఇంట్లో ఇద్దరు బాలింతలు ఉండారు. ఒకటి నేను. రెండోది కంప్రెసరు. ఇద్దరికీ కాపలా మా అత్త. ఇద్దరికీ ఒకటే కట్టుబాటు, ఒకటే కంబళి, ఒకటే సాంబ్రాణి పొగ. ఇప్పుడు తలుసుకున్నా నాకు నవ్వు ఆగదు. ఎవురికన్నా చెబుదామని మొదలుపెడితే సగంలోనే పొట్ట పట్టుకోని కూలబడతాను, మిగిలిన సగం వినకుండానే వాళ్ళు లేసిపోతారు. అందుకే రాసి పెట్టడం మేలనిపించింది. కాగితమైతే లేసి పోదు గదా.

మా పుట్టిల్లు కుప్పం పక్కన పల్లె. తొంభైల నడిమిలో నన్ను పుంగనూరు నుంచి చౌడేపల్లెకు పోయే దోవలో ఒక పల్లెకిచ్చినారు. మా మామ నేను రాకముందే పోయినాడు. ఇంట్లో మా అత్త, మా ఇంటాయన, నేను. మా అత్తకు నేను కుప్పం అరవబిడ్డను. నేను తెలుగులో మాట్లాడినా అరవంలో తిట్టినట్టే ఉంటాదని పక్కింటోళ్ళ ముందర నవ్వేది. నేను ఊరుకునే రకమా? మీ పుంగనూరోళ్ళ మాటల్లో సగం కన్నడమోళ్ళ కాడ ఎరువు తెచ్చుకున్నవే, అవి ముందు తిరిగిచ్చి రాండి అనేదాన్ని. ఇట్ల పొద్దుగూకులూ మా ఇద్దరికీ మాట మీద మాట. మా ఇంటాయన ఎవురి పక్కా మాట్లాడడు. అమ్మ ముందర అమ్మ మాటే రైటు, నా ముందర నా మాటే రైటు, ఇద్దరమూ ఉంటే ఆయప్పకు ఎద్దులకు మేతేసే పని గుర్తుకొచ్చేది.

నాకు చీరల మీదా నగల మీదా అంత యావ లేదు. సేద్యమంటే మాత్రం పిచ్చి. కయ్యలో కాలు పెడితే ఆకలి తెలీదు, ఎండ తెలీదు. మా ఇల్లు ఊరి కొసన మిట్ట మీద ఉండాది, వాకిట్లో నిలబడితే కింది కయ్య మొత్తం కనిపిస్తాది. ఏండ్ల తరబడి దాంట్లో చెనక్కాయే. చూసినప్పుడల్లా నాకు చెయ్యి దురద పుట్టేది. పక్కనే మదనపల్లెలో టమోటా మండీ పెట్టుకోని మనం చెనక్కాయ కొట్టుకుంటా కూచోవాల్నా అని రెండో బిడ్డ కడుపులో ఉన్నప్పుడు మొండికేసినాను. బోరులో నీళ్ళు ఆగవని మా అత్త వద్దనింది. నేను వినలేదు. పెద్దోణ్ణి కుప్పంలో మా అమ్మ కాడికి పంపించి, నిండు పొట్టతోనే నారు నాటించినాను.

పైరు మోకాలెత్తు లేసి పూత పట్టే పొద్దుకు బోరు మొగం తిప్పుకునింది. మోటారు కొంచేపు నీళ్ళు కక్కడం, ఆగిపోవడం. నేను వాకిట్లో కూచోని చెట్ల తట్టే చూస్తా ఉంటే మా అత్త వచ్చి పక్కన కూచునింది. తిట్టుంటే బాగుండేది. తిట్టలేదు.

“ఈ పైరు ఎండిందంటే ఇంగ కయ్యకాడ నీ మాట ఉండదు మే. నువ్వు పొయ్యికాడ, నేను కయ్యకాడ” అనింది.

“బతికితే?” అన్నాను.

మా అత్త కొంగు దులుపుకోని లేసింది. “బతికితే ఏం పెట్టాల్నో నువ్వే చెబుదువు. నేను నోరెత్తను.”

మా అత్త నోరెత్తకపోవడమంటే మాటలా? కానీ ఆమె మాటంటే మాటే, అటైనా ఇటైనా. ఆ పొద్దు నుంచి నాకు నిద్రలో కూడా టమోటా చెట్లే.

అప్పుడే మా పక్క కంప్రెసర్లు దిగతాండాయి. మామూలు మోటారు బోర్లో నీళ్ళను తోడి పోస్తాది, నీళ్ళు తక్కువైతే చేతులెత్తేస్తాది. కంప్రెసరు అట్ల కాదు. అది బోరు పక్కన దిమ్మె మీద కూచోని బయటి గాలిని పీల్చి, బిగించి, సన్న పైపులో బోరు అడుగుదాకా తోస్తాది. ఆ గాలి పైకొస్తా వస్తా ఊరిన నీళ్ళను మోసుకోని వస్తాది. ఊరినంత వచ్చినా చాలు, చెట్లు బతుకుతాయి. మా ఇంటాయన తంటాలు పడి మదనపల్లెలో ఒకటి కొని టెంపోలో వేసుకోని వచ్చినాడు.

టెంపో మా ఇంటి ముందర ఆగింది, నాకు నొప్పులు మొదలైనాయి. ఆ రెండూ ఒకేసారి ఎందుకు రావాల్నో దేవుడికే ఎరుక. కంప్రెసర్ని దించినారు, నన్ను ఎక్కించినారు. దానికని పరిచిన వరిగడ్డి మీదనే నన్ను కూచోబెట్టినారు, దాన్ని కట్టేసిన మోకే పట్టుకోమన్నారు. పుంగనూరు దాకా ప్రతి గుంతకూ నేనొక కేక, డ్రైవరొక హారను. ఆస్పత్రిలో నర్సమ్మ నా చీరకంతా అంటుకున్న గ్రీసు చూసి, యాడ బండి కింద పడితివమ్మా అని అడిగింది. నొప్పుల్లో కూడా నాకు నవ్వొచ్చింది. నవ్వుతా నవ్వుతానే కన్నాను. ఆడబిడ్డ.

మొదటి కాన్పు పుట్టింట్లో, రెండోది అత్తింట్లో, అదీ మా కట్టు. అందుకని నాలుగైదు దినాలకు ఆటోలో ఇంటికే వచ్చినాము. బిడ్డను ఎత్తుకోని గడప ముందర నిలబడినాను. మా అత్త దిష్టి తీయడానికి ఎర్రనీళ్ళ తట్ట తెచ్చింది. సరిగ్గా ఆ పొద్దే సిమెంటు దిమ్మె ఆరిందని మదనపల్లె నుంచి మెకానిక్కు వచ్చి కంప్రెసర్ని బోల్టులేసి బిగించి ఉండాడు. నేను గడప తొక్కబోతాండాను, ఆయన కింద కయ్యకాడ స్టార్టరు నొక్కినాడు.

డబడబడబమని సద్దు లేసింది. బిడ్డ ఉలిక్కిపడింది. పైపు మూతి బుస్సుమని గాలి ఊదింది, దుమ్ము ఊదింది, బురద ఉమ్మింది. తర్వాత గుళుక్కుమని ఒక గుక్క నీళ్ళు. ఆగింది. మళ్ళా గుళుక్. మా ఇంటాయన వంగి పైపు లోపలికి తొంగి చూస్తా ఉండె, మూడో గుక్క మొగాన పడింది. ఆయప్ప బురద మొగంతో కయ్యలో ఎగరతాండాడు, నేను గడప బయట కుట్లు నొప్పి పుట్టేట్టు నవ్వతాండాను. మా అత్త నాకూ బిడ్డకూ ఎర్రనీళ్ళు తిప్పతా తిప్పతా కిందికి చూసింది. చూసిందే తడవు, తట్ట పారబోయకుండా ఎత్తుకోని కయ్య గట్టున, గెనిమ మీద ఉరికింది. అదే ఎర్రనీళ్ళు కంప్రెసరుకు కూడా తిప్పి పారబోసి వచ్చింది. అందాకా నేనూ బిడ్డా గడప బయటే.

ఆ మెకానిక్కు మంచి పనోడు గానీ మాటలు పొదుపు. సగం మాట బయటికొస్తాది, సగం మింగేస్తాడు. సామాన్లు సర్దుకోని, చెవుల్లో నీళ్ళు ఊడదీసుకుంటా ఉండే మా ఇంటాయనకు ఏందో చెప్పినాడు. బండెక్కి కిక్కు కొడతా మా అత్త తట్టు తిరిగి, “మా, ఎండకు పెట్టొద్దు, వానకు పెట్టొద్దు. గాలి జాగర్త” అని పొగలో కలిసిపోయినాడు. ఆ చివరి రెండు మాటలతోనే మా ఇంట్లో గొడవంతా పుట్టింది.

మా పక్క గాలి అంటే రెండు తీర్లు. ఒకటి పీల్చుకునే గాలి. రెండోది సోకే గాలి, బాలింతకూ పసిబిడ్డకూ సోకి జన్ని తెచ్చేది, అంటే ఒళ్ళు కాలి మతి తప్పి ప్రాణం మీదికి తెచ్చేది. పచ్చి బాలింతను ఇంట్లో పెట్టుకోని ఉండే మనిషికి గాలి జాగర్త అని చెబితే ఏ గాలి గుర్తుకొస్తాది? మా అత్త తల ఊపింది. తెలుసులేప్పా, నాకు చెప్పల్నా అనింది.

ఇంగ చూడాల మా యవ్వారం. నన్ను మూల రూములో నులక మంచమ్మీద వేసినారు. దానికి ఉండేది ఒకటే కిటికీ, కయ్య తట్టుకు. మా అత్త ఆ కిటికీలో గోనెసంచి కుక్కి, రెక్కలు మూసి మేకులు కొట్టి, సందులకు పేడ మెత్తింది. నాకు చెవుల్లో దూది, తలకు గుడ్డ, ఒంటిమీద కంబళి, మంచం కింద నిప్పుల కుంపటి. తినడానికి మిరియాల కారం, వెల్లుల్లి. తాగడానికి కాగిన నీళ్ళు, అవీ అడిగినన్ని కాదు. బయట ఎండకు రాళ్ళు పగలతాండాయి. లోపల నేను కంబళి కింద ఉడుకుతాండాను. నా చెట్లు చూద్దామన్నా కిటికీ లేదు. బిడ్డకు ఒళ్ళంతా చెమటకాయలు. కొంచెం తలుపు తెరువత్తా అంటే మా అత్తకు చెవులు వినపడేవి కాదు, దూది నా చెవుల్లో ఉంటే ఆమెకు వినపడేది కాదు.

కంప్రెసరుకూ అదే వైభోగం. మొదటి పొద్దు దానికి వేపమండ కట్టింది. ఎండ తగలకుండా నాకు కప్పిన కంబళికి జత కంబళి దానికి కప్పింది. మా ఇంటాయన నాలుగు రాతి కూసాలు నాటి పైన సిమెంటు రేకులేసినాడు, ఎండకూ వానకూ అది చాలంతే. మా అత్త చూసి మూతి తిప్పింది. నాలుగు పక్కలా బయలు పెడితే గాలి కొట్టదా, ఆ మెకానిక్కు మరీ మరీ చెప్పిపోయినాడే అనింది. రాళ్ళూ బురదా పెట్టి చుట్టూ గోడ లేపించింది. రేకుదాకా లేపించింది. పాత గొడ్ల కొట్టం తలుపు తెచ్చి పెట్టించింది. సందుల్లో గోనెగుడ్డలు కుక్కి, పేడ మెత్తి, సున్నంతో గీతలు గీసి, తలుపుకు బొట్టు పెట్టింది. చీమ దూరే సందు కూడా పెట్టలేదు మే అని వచ్చి నాకు గొప్పగా చెప్పింది. నేనూ మెచ్చుకున్నాను. నా చెట్లకు నీళ్ళిచ్చే తల్లి, దాన్ని ఎంత బాగా చూసుకుంటే అంత మంచిదనుకున్నాను.

నాకు కిటికీ లేదు గానీ చెవి ఉండాది. దూది ఎంత కుక్కినా ఆ సద్దు వినపడేది. కరెంటొస్తానే డబడబమని మంచిగా మొదలయ్యేది. కొంచేపటికి గొంతు మారేది. బరువెత్తినట్టు, మూలిగినట్టు. తర్వాత టక్కుమని స్టార్టరు పడిపోయేది. మళ్ళా వేస్తే మళ్ళా పడిపోయేది. పురిటి రూముకు మొగోళ్ళు రాకూడదు గదా, మా ఇంటాయన తలుపు అవతల నిలబడి కయ్య కబుర్లు చెప్పేవాడు. ఫీజు మార్చినాను, కరెంటు సరిగా రాలేదు, బెల్టు బిగించినాను. ఒకనాడు గొంతు తగ్గించి, ఆకులు వాలిపోయినాయి, పూత రాలతాండాది అన్నాడు. ఎండిపోయే చెట్టును చూస్తా కూచోవడమే కష్టం, చూడకుండా వినడం ఇంకా పాపం. పూతంతా రాలేలోపల నీళ్ళు పారకపోతే ఆ కయ్యతో నా పని అయిపోయినట్టే.

మెకానిక్కు కోసం మా ఇంటాయన మదనపల్లెకు పోయినాడు. ఆయన వెంకటగిరికోటలో బామ్మర్ది పెండ్లికి పోయి ఉండాడంట, ఎప్పుడొస్తాడో ఎవురికీ తెలీదు. అప్పుడు మా అత్త తేల్చేసింది. దానికి గాలి సోకిందనింది. నా కుంపట్లో సగం నిప్పులు చట్టిలో ఎత్తుకోని పోయి, ఆ మూసిన కొట్టంలో సాంబ్రాణి పొగ వేసి, తలుపు బిగించి, మిగిలిన సందులకు ఇంగొక వరస పేడ మెత్తి వచ్చింది. ఎర్ర మిరపకాయలు కూడా తిప్పిందంట. మిరపకాయల ఘాటుకు మా ఇంటాయన తుమ్మతా తుమ్మతా స్టార్టరు నొక్కినాడంట. ఆ పొద్దు అది ఇంకా తొందరగా పడిపోయింది.

మా అత్తను చూస్తే నవ్వుగా ఉంటాది గానీ, ఆ భయం ఉత్త పిచ్చి కాదు. ఒకనాడు మా ఇంటాయన, వాళ్ళ నాయన చెప్పంగా విన్నదంట, తలుపు అవతల్నుంచే చెప్పినాడు. మా అత్తా, ఆమె సొంత చెల్లెలూ, అక్కాచెల్లెళ్ళిద్దరూ ఈ ఇంటి అన్నదమ్ములకే వచ్చినారు. ఆ చెల్లెలు కాన్పయ్యింది ఈ రూములోనే, ఇట్లనే ఎండాకాలం. ఉక్కపోస్తాండాది, కొంచెం కిటికీ తెరువక్కా అని అడిగిందంట. మా అత్త తెరిచిందంట. ఆ మర్నాడు జన్ని వచ్చి బాలింత పోయింది. మా అత్త ఆ మాట ఎవురితోనూ చెప్పదంట. కిటికీకి మేకులు మాత్రం కొడతాదంట. అది విన్నాక నేను తలుపు తెరవమని అడగడం మానుకున్నాను.

ఆ తర్వాత ఒక మధ్యాన్నం. కరెంటుండాది. కింద కంప్రెసరు ఆడతాండాది. మా అత్త నా మంచం కింద కుంపట్లో సాంబ్రాణి గుప్పెడు వేసింది. రూమంతా పొగ. నేను దగ్గినాను. కింద కంప్రెసరు మూలిగింది. నేను మళ్ళా దగ్గినాను. అది టక్కుమని పడిపోయింది. నేను ఊపిరాడక కంబళి తోసేసి లేసి కూచున్నాను, అప్పుడు తట్టింది నాకు. నాకేం జరగతాండాదో దానికీ అదే జరగతాండాది. నాకు మాదిరే దానికీ ఊపిరాడలేదు. నేనైతే దగ్గతాను, అది పడిపోతాది. అంతే తేడా.

ఆ మెకానిక్కు కరెక్టుగా ఏమన్నాడత్తా అని అడిగినాను. గాలి జాగర్త అన్నాడని చెప్పింది. అంతే ఇంగ, నాకు నవ్వు పట్టుకునింది. గాలి పీల్చి బతికే మిషను. దానికి గాలి తగలకుండా ఇల్లు కట్టి, పేడ మెత్తి, బొట్టు పెట్టి, పొగేసినాము. మంచమ్మీద పొర్లాడి నవ్వినాను. చెవుల్లో దూది ఊడిపోయింది. బిడ్డ ఏడుస్తాండాది, నేను నవ్వతానే ఉండాను, కండ్లల్లో నీళ్ళు కారతాండాయి, మాట రాలేదు.

తలెత్తి చూస్తే మా అత్త మొగంలో రక్తం లేదు. బాలింత తనలో తానే నవ్విందంటే జన్ని పుట్టినట్టే లెక్క. ఆమె సాంబ్రాణి పొట్లం కింద పడేసి, గోడకు అతుక్కోని నా కండ్లల్లోకే చూస్తాండాది. నా నవ్వు టక్కున ఆగిపోయింది. ఆమె రెండు చేతులూ పట్టుకోని, నాకేం కాలేదత్తా, నేను బాగుండాను, కంప్రెసరుకు ఊపిరాడలేదు, దానికి కావల్సింది గాలి అని చెప్పినాను. ఆమె నమ్మలేదు. నా నొసలు తడిమి చూసింది, కంటి రెప్పలు లాగి చూసింది. చెప్పి ఒప్పించే పని కాదని నాకు తెలిసిపోయింది. పూత రాలతాండాది. బిడ్డను ఆమె చేతుల్లో పెట్టి తలుపు తెరిచి బయటికి నడిచినాను.

ఆ ఊరేగింపు మా ఊరోళ్ళు ఇంకా మర్చిపోలేదు. నడి మధ్యాన్నం, గెనిమ మీద ముందర నేను, తలకు గుడ్డతో, కుంపటి వాసనతో. నా వెనకాల చంకలో బిడ్డ, చేతిలో కంబళితో మా అత్త. గాలి తగలతాది నిలబడు మే అని అరుస్తా, ఉరుకుతా ఉరుకుతానే నా మీదికి కంబళి విసరడం, అది జారి చెట్ల మీద పడడం, ఏరుకోని మళ్ళా విసరడం. ఆమె వెనకాల ఏం జరగతాండాదో తెలీక గడ్డపార ఎత్తుకోని మా ఇంటాయన. పామేమోనని ఎత్తుకున్నాడంట. ఆ పొద్దు నా మొగానికి తగిలింది ఉడుకు గాలే. అయినా నాకు తిరునాళ్ళకు పోయినట్టుండె. చెట్లు మాత్రం తలకాయలు వేలాడేసి ఉండాయి, అది చూసి మళ్ళా అడుగు పెంచినాను.

కొట్టం తలుపు లాగితే లోపల్నుంచి సెగ కొట్టింది, పొయ్యి మీద పెనం మాదిరి. రబ్బరు కమురు వాసన. గోనెగుడ్డలు పీకేసినాను. కొంచేపు చల్లారనిచ్చి, స్టార్టరు వెయ్యమని మా ఇంటాయనకు చెప్పినాను. చక్రం తిరిగింది. కంప్రెసరుకు పక్కన గాలి పీల్చుకునే రేకుడబ్బా ఒకటి ఉంటాది. దాని మూతికి ఒక గోనెగుడ్డ పేలిక అతుక్కోని ఉండాది. మా అత్త దాన్ని ఊడబీకింది. వదిల్తే మళ్ళా పోయి అతుక్కునింది. ఆమె మళ్ళా ఊడబీకి పారేసి, అరచెయ్యి డబ్బా మూతి కాడ పెట్టింది. చెయ్యిని లోపలికి లాగింది అది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని, మళ్ళా పెట్టి చూసింది.

“ఊపిరి పీలుస్తాండాది మే ఇది” అనింది.

అని బిడ్డను నా చేతికిచ్చి, కొడుకు చేతిలో గడ్డపార పెరుక్కునింది. తాను మెత్తిన పేడ గోడ తానే పొడిచింది. సున్నం గీతలు, బొట్టు, అన్నీ రాలి పడినాయి. నేను చేస్తాలేమా అని మా ఇంటాయన పక్కన తిరగతాండాడు, ఆమె ఇయ్యలేదు. ఇట్టా పక్కా అట్టా పక్కా నడుమెత్తు వరకు గోడ కూల్చింది. ఒక పక్క నుంచి గాలి దూరి ఇంగో పక్కకు పోతాండాది. కంప్రెసరు డబడబమని మంచి గొంతుతో ఆడతాండాది. మేం ముగ్గురం, బిడ్డా, దాని ముందర నిలబడి ఎప్పుడు పడిపోతాదో అని ఎదురు చూస్తాండాము. పడలేదు. ఎంత సేపటికీ పడలేదు. కాలవలో గుళుక్ గుళుక్కుమంటా నీళ్ళు పోయి మొదటి సాలు చెట్లను ముట్టుకున్నాయి. నేను నవ్వతాండానో ఏడుస్తాండానో నాకే తెలీలేదు.

ఆ పైన నాకు శిక్ష పడింది. మళ్ళా రూములోకి తోసి రెండు కంబళ్ళు కప్పి, ఎండలో తిరిగినందుకు ఇంకా ఇంత కారం తినిపించింది మా అత్త. మిషను వేరు, మనిషి వేరు అనింది. నోట్లో కారం ఉండాది, బయట నీళ్ళు పారతాండాయి, నాకింకేం కావాల?

మెకానిక్కు పెండ్లి బట్టల్తోనే వచ్చినాడు. కూలిన గోడ చూసి, మంచి పని చేసినారు, గాలి ఆడితేనే గదా చల్లగా ఉండేది, అదే గదా నేను చెప్పి పోయింది అన్నాడంట. ఆ మాటతో మా అత్త నోరు తెరిచింది. దేవుడు నిండు నోరిచ్చినాడు గదప్పా, నిండు మాట చెబితే నీదేం పోతాదని మొదలుపెట్టి, కాఫీ ఇచ్చే వరకూ వదల్లేదు, ఇచ్చినాక కూడా వదల్లేదు. ఆయన తాగిన గ్లాసు కింద పెట్టి, చూరుకు ఇంగొక రేకు జారుగా వేసుకోండి, ఎదురు జల్లు కొట్టకుండా ఉంటాది, నేల మీది నీళ్ళు దిమ్మె ఎక్కకుండా చుట్టూ చిన్న కాలవ తీసుకోండి, పక్కలు మాత్రం మూయొద్దండి అని, జీవితంలో మొదటిసారేమో, మొత్తం మాట చెప్పి పోయినాడు. ఆ వారంలోనే గాలివాన వచ్చింది. వడగండ్లు రేకుల మీద పడి ఊరంతా మోత. వాన నిలిచినాక మా అత్త పోయి కంప్రెసరంతా చెంగుతో తడిమి చూసి, సుక్క పడలేదని వచ్చి చెప్పింది. వడగండ్లకు చెట్లు కొన్ని విరిగినాయి గానీ మిగిలినవి కాపు నిలబెట్టినాయి.

నా బాలింతతనం ఇంకా తీరలేదు. ఒక మధ్యాన్నం మా అత్త రూములోకి వచ్చి నా చేతిలో ఒక కాయ పెట్టింది. మా కయ్యలో మొదటి టమోటా. దోరగా ఉండాది, తొడిమె కాడ ఇంకా పచ్చగా. నేను దాన్ని వాసన చూస్తా ఉంటే ఆమె కొంగులోనుంచి పట్టకారు తీసింది. కిటికీ కాడికి పోయి ఒక మేకు పట్టుకోని లాగింది.

పేడ పెళ్ళలు పెళ్ళలుగా రాలింది. మేకులన్నీ ఊడబీకి, గోనెసంచి లాగి పారేసి, రెక్కల మీద చెయ్యి పెట్టి కొంచేపు అట్లనే నిలబడింది. ఆమె వీపు నా తట్టు ఉండాది, మొగం కనపడలేదు. తర్వాత రెక్కలు తోసేసింది.

వెలుగు వచ్చింది. కంప్రెసరు సద్దు వచ్చింది. ఆమె పక్కకు జరగలేదు. పీట లాక్కోని, కిటికీకి వీపు ఆనించి, నాకు ఎదురుగా కూచునింది. కొంగు తలమీదుగా కప్పుకోని రెండు చేతులూ వెడల్పుగా పెట్టుకోని కూచునింది. గాలంతా ఆమె వీపుకు కొడతాండాది. ఆమెను చుట్టుకోని ఏదో కొంచెం నా కాడికి వస్తాండాది.

“పక్కకు జరుగత్తా, నాకు గాలి రాలేదు” అన్నాను.

“వచ్చినంత చాల్లే. ముందు నాకు తగలనీ” అనింది. బిడ్డ మొగమ్మీద ఈగను తోలింది. “మళ్ళా పైరుకు ఏం పెడదామో చెప్పు మే.”

ఆమె భుజమ్మీదుగా నాకు కింది కయ్య కనిపిస్తాండాది. క్యాబేజీ పెడదామత్తా అన్నాను. ఆమె నోరు తెరిచింది. తెరిచి, మళ్ళా మూసుకునింది.